పగులు పొడవు

ల్యాబులో అందరూ ఆమెని కొలిమి మేడం అనేవారు. ఆ పేరు పెట్టింది వజ్రం. అతని అసలు పేరూ అది కాదు. పింగాణీ ముక్కల మీద వజ్రపు మొనతో నొక్కి అవెంత గట్టివో చెప్పే మెషీను దగ్గర కూర్చుంటాడు కనక ఎవరో ఆ పేరు తగిలించారు. ఆ ఉక్రోషంతో అతను మిగతా అందరికీ తలో పేరు పెట్టాడు. ఆమెకి మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది. ఈమధ్య మళ్లీ మండుతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొలిమి పక్కనే కాపురం ఉంటున్నా అందులోంచి పనికొచ్చే ముక్క ఒక్కటీ రావడం లేదు మరి.

పింగాణీ పగలకుండా చేయడం ఆమె పని. టీ కప్పుల పింగాణీ కాదు. అల్యూమినా అని తెల్లటి పొడి ఉంటుంది. దాన్ని బాగా నొక్కి, బాగా కాల్చితే రాయిని మించిన గట్టి పదార్థం వస్తుంది. వేడికి కరగదు, యాసిడ్‌కి లొంగదు, అరగమన్నా అరగదు. దానికి ఒకటే అవలక్షణం. ఎక్కడైనా సన్నటి బీట పడిందా, అది ఈ చివర్నుంచి ఆ చివరికి రైలు వెళ్లినట్టు వెళ్లిపోతుంది. ఇనుమైతే వంగుతుంది, సొట్ట పడుతుంది, విరగబోతున్నానని ముందుగా చెబుతుంది. పింగాణీకి ఆ మర్యాద లేదు. ఆ బీటని మధ్యలో ఆపే గుణాన్ని ల్యాబులో మొండితనం అనేవారు. పింగాణీని మొండిదాన్ని చేయడానికి ఆ తెల్లపొడిలో కార్బన్ నానోట్యూబులు కలుపుతారు. వెంట్రుకని వేల పోగులుగా చీల్చితే ఒక పోగు ఎంతుంటుందో అంత సన్నటి గొట్టాలవి. చూడ్డానికి దీపం మసిలా ఉంటాయి గాని, లాగితే ఉక్కు తీగ కూడా వాటి ముందు దిగదుడుపే. బీట పడ్డచోట అవి రెండు గట్లనీ కుట్టేసినట్టు పట్టుకుంటాయనీ, బీట ఇంక ముందుకి పోలేదనీ ఆశ.

ఆ ఆశ పుట్టించింది పెద్దాయన, అంటే ల్యాబు అధిపతి. ఆమె ఇంకా స్కూలు యూనిఫాంలో తిరిగే రోజుల్లో ఆయన తన చేత్తో ట్యూబులు కలిపి ఒక నల్లటి బిళ్ల చేశారు. వజ్రపు మొనతో నొక్కితే మామూలు పింగాణీలో ఆ గుంట నాలుగు మూలల నుంచీ పొడుగాటి పగుళ్లు బయల్దేరతాయి. ఆయన బిళ్లకి వాటిలో సగం పొడవు కూడా రాలేదు. పగులు పొట్టిదైతే పదార్థం మొండిదని లెక్క. ఆ లెక్కన ఆ బిళ్ల మామూలు పింగాణీకి మూడింతలు మొండిది. ల్యాబు పేరు నిలబడింది ఆ మూడింతల మీదే. బిళ్ల ఇప్పటికీ ఆయన గదిలో అద్దాల బీరువాలో, నీలం మఖమల్ గుడ్డ మీద ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఆమె ఆ ల్యాబులో చేరిందే ఆ బిళ్ల గురించి చదివి.

మొదటి దెబ్బ పంపుల ఫ్యాక్టరీలో తగిలింది. ఇసుక కలిసిన నీళ్లు తోడే పంపులు తయారు చేసేవాళ్లు, ఇరుసు దగ్గర నీరు కారకుండా బిగించే రింగులు కావాలని వచ్చారు. మామూలు పింగాణీ రింగులు ఊరికే పగులుతున్నాయి, మీవి మూడింతలు మొండివట కదా అన్నారు. ఆమె రింగులు చేసింది. బొగ్గులా నల్లగా, అద్దంలా నున్నగా వచ్చాయి. పెద్దాయన వాటిని దూదిలో పెట్టించి స్వయంగా ఫ్యాక్టరీకి పట్టుకెళ్లారు, ఆమెనీ వెంటబెట్టుకుని. పంపుల ఇంజనీరు పొట్టి మనిషి. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, మొదటి రింగుని గూట్లో పెట్టి బిగించడం మొదలుపెట్టాడు. మర సగం కూడా తిరక్కుండానే రింగు రెండు ముక్కలైంది. రెండోది పూర్తిగా బిగిసింది గాని, పంపు ఆన్ చేయగానే లోపల పళ్లు నూరుతున్నట్టు చప్పుడైంది. అతను స్విచ్ ఆపి, మూత విప్పి, పెంకుల్ని గుప్పిట్లోకి తీసి బల్ల మీద పోశాడు.

"మూడింతలన్నారు," అన్నాడు.

"కొత్త పదార్థం కదా. బిగించేటప్పుడు కాస్త చూసుకోవాలి," అన్నారు పెద్దాయన.

"మా పాతవి నేను ఫోన్లో మాట్లాడుతూ బిగిస్తాను సార్. అవే నయం. కనీసం బిగించేదాకా ఆగుతాయి."

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ల్యాబు గేటు దగ్గర దిగాక మాత్రం అన్నారు, "కలపడంలో తేడా ఉందమ్మా. ట్యూబులు ఉండలు కట్టుంటాయి. ఉండ ఉన్నచోటే పగులు పుడుతుంది. బాగా కలుపు."

అది తీసిపారేసే మాట కాదు. నానోట్యూబుల గుణమే అంత. ఒకదాన్ని చూస్తే ఒకటి అతుక్కుపోయి, దువ్వెన చూడని జుట్టులా ముద్ద కడతాయి. వాటిని విడదీసి పొడి అంతటా సమంగా పరచాలి. అప్పట్నుంచీ ఆమెకి కలపడమే బతుకైపోయింది. ట్యూబుల్ని స్పిరిట్లో వేసి, చెవికి వినపడని శబ్దంతో వణికించే తొట్టిలో పెట్టేది. వినపడదంటారు గాని, సాయంత్రానికి తలలో జోరీగ దూరినట్టుండేది. రకరకాల సబ్బుల్లాంటి మందులు వేసి చూసింది. గట్టి గోలీలు పోసిన డబ్బాలో రోజుల తరబడి తిప్పి చూసింది. ఒక పద్ధతిలో ఉండలు విడిపోయేవి గాని గొట్టాలు తునాతునకలయ్యేవి. ఇంకో పద్ధతిలో గొట్టాలు క్షేమంగా ఉండేవి, ఉండలూ క్షేమంగానే ఉండేవి. చేతులు, గోళ్లు, మాస్కు అంచున చెంపలు అన్నీ నల్లబడి ఇంటికి చేరేది.

"నువ్వు చేరింది ల్యాబులోనా, బొగ్గు గనిలోనా?" అనేది అత్తగారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఎవరు ఎంత పొడుగ్గా మాట్లాడినా విని, ఒక్క ముక్కలో జవాబు చెప్పి లైను కట్ చేసినట్టు లేచిపోయే అలవాటు ఆవిడది. భర్త ఇళ్లకి రంగులు వేయించే కాంట్రాక్టరు. కలపడం గురించి తనకి తెలిసినంత ఎవరికీ తెలీదని అతని నమ్మకం.

"డబ్బా అడుగునుంచి కలపాలోయ్. పైపైన తిప్పితే రంగు అడుగునే ఉండిపోతుంది."

"అడుగునుంచే కలుపుతున్నాను."

"ఒకే వైపు తిప్పుతున్నావా, అటూ ఇటూనా?"

"గోధుమపిండైతే నీళ్లు కొంచెం కొంచెం పోస్తే ఉండ కట్టదు," అంది అత్తగారు.

"అది పిండి కాదత్తయ్యా."

"తెలుసు. నాకు తెలిసింది చెప్పాను," అని ఆవిడ లేచిపోయింది.

లోకంలో కనిపించిన ప్రతివాళ్లూ కలపడం నేర్పేవాళ్లే అయిపోయారు. అలా నెలలు గడిచాక ఎట్టకేలకి ఒక పద్ధతి కుదిరింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే ఉండ అన్నది మచ్చుకైనా లేదు. బీట పడ్డచోట గొట్టాలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. అచ్చం పుస్తకాల్లో గీసిన బొమ్మలా ఉంది. ఆమెకి గాల్లో తేలినట్టయింది. ఆ రోజు క్యాంటీన్లో వజ్రానికి కాఫీ ఇప్పించి, వాడి సొద అంతా ఓపిగ్గా వింది.

ఆ పద్ధతిలో చేసిన బిళ్లలో సగాన్ని వజ్రం నొక్కి చూశాడు. పగుళ్లు పొట్టిగా వచ్చాయి. మూడింతలు. మిగతా సగాన్ని ఆమె అగ్గిపుల్లల్లాంటి కడ్డీలుగా కోసింది. ఒక్కో కడ్డీ నడుముకి సన్నటి బ్లేడుతో, వజ్రపు పొడి కలిపిన ముద్ద రాస్తూ, గాటు పెట్టింది. గాటున్న కడ్డీని రెండు వైపులా ఆనించి మధ్యలో మెల్లగా వంచితే, ఏ బరువుకి విరిగిందో దాన్నిబట్టి మొండితనం తెలుస్తుంది. ఇది నిజంగా విరగ్గొట్టి చూసే పద్ధతి.

టిక్ మంది. అంకె చూసింది. ఏమీ కలపని తెల్ల పింగాణీకి వచ్చేదీ ఇదే. మళ్లీ పెట్టింది. మళ్లీ టిక్. ట్రేలో కడ్డీలు అయిపోయేదాకా అదే చప్పుడు, అటూ ఇటూగా అదే అంకె. ఒకే బిళ్ల, వజ్రం దగ్గర మూడింతలు, తన దగ్గర ఒకటే.

"గాటు పెట్టేటప్పుడే లోపల బీట పడేలా చేస్తున్నావు," అన్నారు పెద్దాయన, ఆమె చూపించిన అంకెల వంక సరిగా చూడకుండానే. "చెయ్యి ఇంకా తిరగాలి."

"తెల్ల పింగాణీకి అదే చెయ్యి సరైన అంకె ఇస్తోంది కదా సార్."

"నల్లది వేరు. సున్నితంగా పట్టుకోవాలి."

సున్నితంగా పట్టుకోవాల్సినదాన్ని మొండిదని ఎలా అంటారని అడగబోయి నోరు నొక్కుకుంది. వెళ్లి మళ్లీ బిళ్లలు కాల్చింది, మళ్లీ గాట్లు పెట్టింది. మోచెయ్యి వాచింది. నిద్రలో కూడా బ్లేడు ఆడిస్తున్నావని భర్త గొణిగాడు. గాటు ఎంత సన్నగా, ఎంత తిన్నగా పెట్టినా అంకె ఇసుమంత కదల్లేదు. పెద్దాయన మాటా కదల్లేదు. రెండిటి మధ్యా ఆమె నలిగిపోయింది.

విసుగెత్తి ఒకరోజు, వజ్రపు మొన నొక్కిన గుర్తునే మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. పగుళ్లని కాదు, ఆ గుంట అడుగుని. తెల్ల పింగాణీలో గుంట అడుగు శుభ్రంగా ఉంటుంది. నల్లదాంట్లో తడి ఇసుక మీద కాలు వేసినట్టు రేణువులు పక్కలకి జారి, కుదించుకుపోయి ఉన్నాయి. చూస్తూ ఉండిపోయింది. పగులుని ఏదీ ఆపడం లేదు. నొక్కిన బలమంతా అక్కడే నలగడానికి ఖర్చైపోతోంది, పగులు పుట్టడానికి మిగలడం లేదు. అలాంటప్పుడు పగులు పొడవు కొలిచి మొండితనం లెక్క కట్టడమేమిటి? రేణువుల మధ్య మెత్తగా జారేది ఏది పెట్టినా ఇలాగే వస్తుంది కదా?

ఆ అనుమానం తీరాలంటే, పగులుని ఆపే శక్తి లేదని అందరికీ తెలిసినదాన్ని కలిపి చూడాలి. ఆమె నానోట్యూబుల బదులు గ్రాఫైటు పొడి కలిపింది. పెన్సిల్లో ఉంటుందే, అదే. అదే పాళ్లు, అదే కొలిమి, అంతే వేడి. బిళ్ల అలాగే నల్లగా, నున్నగా వచ్చింది. అందులో ఏముందో చెబితే వజ్రం చూపు మారుతుందని, ఏమీ చెప్పకుండా అతని బల్ల మీద పెట్టి, అంకె రాగానే తనకి చెప్పమని వచ్చేసింది. ముందు తను చూసుకుని, గాటు కడ్డీలు కూడా విరిచి, ఆ తర్వాత పెద్దాయనకి నెమ్మదిగా చెప్పాలని ఆమె ఆలోచన.

కడ్డీలు కోస్తుండగా ఫోన్ మోగింది. పెద్దాయన గొంతు. అంత హుషారైన గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

"అమ్మాయ్, ఉన్నపళంగా నా గదికి రా."

వెళ్లేసరికి గదిలో వజ్రం ఉన్నాడు, మొహం చాటంత చేసుకుని. పంపుల ఇంజనీరూ ఉన్నాడు. రింగుల సంగతి ఇంతటితో వదిలేద్దామని చెప్పడానికి వచ్చాడట.

"మూడున్నర ఇంతలు," అన్నారు పెద్దాయన, ఆమె గడప దాటకముందే. "నా బిళ్ల కన్నా ఎక్కువ. వజ్రం రెండుసార్లు కొలిచాడు. చూశారా ఇంజనీరు గారూ, చెయ్యి తిరగాలి అని నేను అంటూనే ఉన్నాను. తిరిగింది."

"మేడం ఊరికే బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు సార్. నాకు ఆగబుద్ధి కాలేదు," అన్నాడు వజ్రం.

ఆమె గబగబా బల్ల దగ్గరికి నడిచింది. "సార్, ఒక్క నిమిషం బయట మాట్లాడొచ్చా?"

"బయటెందుకు? ఆయన మనవాడే. కూర్చో."

ఆమె కూర్చోలేదు. వజ్రం వైపు చూసింది, వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పెద్దాయన ఇంజనీరుకి కొత్త రింగులు ఎప్పటికి అందుతాయో చెబుతున్నారు. ఇంజనీరు ఆ మాటలు సగం విని, కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"చేసింది మీరు కదా మేడం. మీరు చెప్పండి. ఈసారి ఆగుతాయా?"

ఒక్క క్షణం ఏదైనా నసిగి తప్పించుకోవచ్చేమో అనిపించింది. బల్ల మీద పెంకులు పోసిన అతని చెయ్యి గుర్తొచ్చింది.

"ఆగవండి."

పెద్దాయన మాట మధ్యలో ఆగిపోయింది.

"ఆ బిళ్లలో నానోట్యూబులు లేవు సార్," అంది ఆమె, ఇంజనీరుతో కాదు, ఆయనతోనే. "గ్రాఫైటు కలిపాను. పెన్సిల్లో ఉండేది. దానికి పగులుని ఆపే శక్తి లేదు. అయినా పగుళ్లు పొట్టిగానే వచ్చాయి."

వజ్రం నవ్వు ఎటుపోయిందో తెలీదు. ఇంజనీరు వెక్కిరిస్తాడేమో అనుకుంది గాని అతను వెక్కిరించలేదు. "అంటే ఆ మెషీను పెన్సిల్ పొడికి కూడా మూడింతలు ఇస్తుందన్నమాట," అన్నాడు.

"అవునండి."

"మా రింగులు ఎందుకు పోయాయో ఇప్పుడర్థమైంది." లేచి, పెద్దాయనకి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. వజ్రం అతన్ని సాగనంపే వంకతో జారుకున్నాడు.

"అతను వెళ్లేదాకా ఆగలేకపోయావా?" అన్నారు పెద్దాయన.

"ఆయన నన్నే అడిగారు సార్."

"నన్ను పరీక్ష పెట్టావు."

"మిమ్మల్ని కాదు సార్. పద్ధతిని."

"ఆ పద్ధతి నాదే," అన్నారాయన.

ఇంట్లో జరిగింది చెబితే భర్త నుదురు కొట్టుకున్నాడు. "తడి ఆరని గోడ దగ్గరికి ఎవరైనా ఇంటి ఓనర్ని తీసుకొస్తారా? మర్నాడు చెబితే ఏం పోయేది?"

"నేను తీసుకురాలేదు. వాళ్లే వచ్చి గోడకి ఆనుకున్నారు."

"అయినా పెద్దమనిషి, పరాయివాడి ముందు..."

"నువ్వు కూడా మొదలెట్టకు." కంచం ముందునుంచి లేవబోయింది.

"కూర్చో," అంది అత్తగారు. "అడిగారు, చెప్పింది. ఎక్స్ఛేంజిలో మేమూ అంతే. లైను కలపమంటే కలిపేవాళ్లం. అవతల ఎవరు ఏడుస్తారో చూసుకునే తీరిక ఉండేది కాదు." కాస్త ఆగి, "అలాగని మంచిపని చేశావని కాదు నేననేది," అని కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అందులో తనని సమర్థించిందో తిట్టిందో ఆమెకి తేలలేదు.

ఆ తర్వాత ల్యాబులో ఆమె ఉన్నా లేనట్టే అయింది. కొలిమి సర్వీసింగులో ఉందన్నారు. పక్క గదివాళ్లు మాత్రం రోజూ దాంట్లో కాల్చుకుంటూనే ఉన్నారు. పెద్దాయన ఏదైనా చెప్పాల్సొస్తే వజ్రంతో చెప్పించేవారు. వజ్రం గుమ్మం దగ్గరే నిలబడి, అటు చూస్తూ అప్పజెప్పి పోయేవాడు. తన మెషీను పరువు తీసిందని వాడికీ అలకే. ఆమె జల్లెడలు కడిగింది, తొట్టెలు తోమింది, సీసాల మీద చీటీలు మార్చింది. చేయడానికి ఇంకేమీ మిగలని రోజున చేతిలోని జల్లెడ బల్ల మీద విసిరికొట్టి, నేరుగా పెద్దాయన గదిలోకి నడిచింది.

"నేను చేసింది తప్పైతే చూపించండి సార్. ఇలా మూలన కూర్చోబెట్టకండి. నా గాటు వంకరంటారా, మీరే పెట్టండి. మీ చేత్తో పెట్టిన గాటుకి అంకె మారితే ఇంక ఈ విషయం మీద నోరెత్తను."

ఆయన ఒళ్లో ఉన్న రెండు చేతులూ తీసి ఆమె ముందు, బల్లకి కాస్త పైన, పట్టి చూపించారు. వేళ్లు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి.

"ఎప్పట్నుంచి సార్?"

"చాలా కాలమైంది. వజ్రం మెషీనుకైతే మీట నొక్కితే చాలు."

ఆమె కోపం దారిలోనే చతికిలబడింది. ఇన్నాళ్లు తిట్టుకున్న మనిషి మీద ఇప్పుడు జాలిపడాల్సి రావడం ఆమెకి ఇంకా చిరాకు తెప్పించింది. గొంతు తగ్గించి అంది, "గాటు నేను పెడతాను. మైక్రోస్కోపులో మీరు చూడండి. మీరు సరే అన్న కడ్డీనే విరుద్దాం."

"ఏ బిళ్లతో?"

ఆమె అద్దాల బీరువా వైపు చూసింది. ఆయన ఆ చూపు చూశారు.

"అది కుదరదు."

"నేను చేసినదేదైనా కలపడంలో తేడా అంటారు సార్. అది మీరు కలిపింది."

"వెళ్లమ్మా," అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఆమె ఇంకేమీ అనలేక వచ్చేసింది.

తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం, ఆమె కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతుంటే, పెద్దాయన వచ్చి నీలం గుడ్డ మూట బల్ల మీద పెట్టారు. "కోసేముందు ఫొటో తియ్యి," అని, గదిలో ఉండకుండా వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. రంపం చప్పుడు ఆగాకే లోపలికొచ్చారు. వచ్చాక మాత్రం మైక్రోస్కోపు ముందు కుర్చీ లాక్కుని, ఆమె పెట్టిన మొదటి గాటుని పనికిరాదన్నారు. రెండోదీ పనికిరాదన్నారు. మూడో దాని అడుగు మొద్దుగా ఉందన్నారు. ఆమె పళ్లు బిగించి బ్లేడు మార్చింది. మఖమల్ మీద ఇన్నేళ్లున్న ఆ చిన్న బిళ్లలోంచి వచ్చినవే ఏడెనిమిది కడ్డీలు. ఇలా తిరస్కరిస్తూ పోతే విరవడానికి ఏమీ మిగలదనుకుంటూనే తర్వాతి కడ్డీ అందుకుంది.

"ఇది బాగుంది," అన్నారు ఆయన చివరికి.

వంచే మెషీనులో పెట్టింది. బరువు పెరుగుతూ పోయింది. టిక్.

ఇద్దరూ అంకె చూశారు. తెల్ల పింగాణీ అంకే. ఇంకా చెప్పాలంటే, దానికి ఒక పిసరు తక్కువే.

"ఇంకోటి," అన్నారు. అదీ అంతే. ఆయన సరే అన్న కడ్డీలు అయిపోయేదాకా అంతే.

విరిగిన ముక్కని పట్టకారుతో ఆమె చేత పట్టించి, పెద్దాయన చాలాసేపు మైక్రోస్కోపులో చూశారు. "కలపడం బాగానే కలిపాను," అన్నారు.

"చాలా బాగా కలిపారు సార్. నాకన్నా బాగా."

"కొలవడమూ బాగానే కొలిచాను."

"కొలిచారు. కాకపోతే అది నొక్కితే నలిగే గుణం. పగులుని ఆపే గుణం కాదు."

ఆయన నీలం గుడ్డని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. మర్నాటికి కొలిమి సర్వీసింగు పూర్తయిందని వజ్రం వచ్చి చెప్పాడు, ఈసారి ఆమె మొహం చూసే.

పెన్సిల్ బిళ్ల సంగతీ, మఖమల్ బిళ్ల సంగతీ ఇద్దరి పేర్లతోనే ఒక సైన్సు పత్రికలో వచ్చాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇదే పద్ధతితో అంకెలు వేసుకున్న వేరే ల్యాబులవాళ్లు ఘాటుగా రాశారు. ఇంకొందరు, మాకెప్పుడో తెలుసు, ఎందుకులే అని ఊరుకున్నాం అన్నారు. ఆ రెండో మాటకి ఆమెకి వచ్చినంత కోపం మొదటిదానికి రాలేదు. తెలిసినవాళ్లు ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే తన మోచెయ్యి, తన నెలలు మిగిలేవి. పంపుల ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ రాలేదు. నిజం తేలితే మనసు తేలికపడుతుందని ఎక్కడో చదివింది గాని, ఆమెకి అలాంటిదేమీ కలగలేదు. ఏ మూడింతల కోసం ఈ ల్యాబుకి వచ్చిందో అది లేదని తనే తేల్చింది. పొద్దున్నే లేచి దేనికోసం వెళ్లాలో కొన్నాళ్లు అర్థం కాలేదు. అయినా వెళ్లేది.

ఇప్పుడు వాళ్లు ట్యూబుల్ని పక్కనపెట్టి జిర్కోనియా నానోరేణువులు కలుపుతున్నారు. అది ఇంకోరకం పింగాణీ. బీట దగ్గరికొచ్చేసరికి ఆ రేణువులు ఉబ్బి బీటని రెండు వైపుల నుంచీ నొక్కుతాయి. అవీ ఉండలు కడతాయి, అవీ ఏడిపిస్తాయి. భర్త మళ్లీ అడుగునుంచి కలపమంటున్నాడు. మొన్న మొదటిసారి, గాటు కడ్డీ విరిగిన అంకె తెల్ల పింగాణీ అంకెని దాటింది. పావు వంతు.

"పావు వంతేనా?" అన్నారు పెద్దాయన.

"పావు వంతే సార్. విరగ్గొట్టి చూసిన పావు వంతు."

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, తర్వాతి కడ్డీని మైక్రోస్కోపు కింద పెట్టించుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది వంకర. పక్కన పడెయ్."

"తిన్నగానే ఉంది సార్."

"ఎడమవైపు లాగింది. నువ్వే చూడు."

ఆమె వంగి చూసింది. నిజంగానే ఎడమవైపు, కనిపించీ కనిపించనంత, లాగింది. అది ఆయన కంట పడ్డందుకు ఒళ్లు మండింది. ఆ కడ్డీని పక్కన పడేసి, పెట్టెలోంచి కొత్త బ్లేడు తీసి, వజ్రపు ముద్ద రాసి, ఇంకోటి మొదలుపెట్టింది.